విటమిన్ ‘డి’ : మేలు చేయు మోతాదు, కీడు చేయు మోతాదు

విటమినులు రెండు తెగలు. కొన్ని నీటిలో కరుగును. కొన్ని క్రొవ్వులో కరుగును. నీటిలో కరుగు విటమిన్ ‘సి’ వంటివి అవసరమునకు మించినప్పుడు చాలవరకు మూత్రముతో బయటికి పోవును. క్రొవ్వులో కరుగునవి అట్లు పోవు. దేహమునందు నిలువ యుండును. విటమిన్ ‘డి’ ఈ రెండవ తెగకు చేరినది. ఈ గుణము వలన ఒక మేలు, ఒక కీడు కలవు. ఎండ తగులని దినములందు ఆ నిలువ అక్కరకు వచ్చును. కాని మందుల రూపమున అది మితిమీరి చేరినచో త్వరగా తొలగిపోదు. నెలల తరబడి దేహములో నుండి హాని చేయును. కనుక విటమిన్ ‘డి’ విషయమున ఎంత తీసికొనవలెను, ఎన్నాళ్లు తీసికొనవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము ప్రతి కుటుంబమునకును తెలిసియుండుట అవసరము.

విటమిన్ ‘డి’ చేయు పని

ఎముకలు గట్టిపడుటకు కాల్షియము, భాస్వరము అను ఖనిజములు కావలెను. ఇవి ఆహారములో ఉన్నంత మాత్రమున చాలదు. ప్రేవుల నుండి రక్తములోనికి చక్కగా చేరుటకు విటమిన్ ‘డి’ తోడ్పాటు ఉండవలెను. ఆ తోడ్పాటు కొరవడినచో పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోవును. మణికట్టుల వద్ద ఎముకలు ఉబ్బును. ఈ వ్యాధికి రికెట్సు అని పేరు. పెద్దలలో నడుము, తొడలు, ప్రక్కటెముకలు నొప్పి పెట్టును; మెట్లెక్కుట, క్రింద కూర్చుండి లేచుట కష్టమగును.

ఈ వ్యాధికి మందు రెండు దారులలో దొరకినది. 1919లో బెర్లిను నగరమున కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రికెట్సు గల పిల్లలకు అతినీలలోహిత కిరణముల దీపకాంతి సోకజేసి నయము చేసెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలపై పరిశోధించి, కాడ్‌లివర్ ఆయిల్ ఈ వ్యాధిని అరికట్టునని చూపెను. 1922లో అమెరికాలో మెకాలమ్, అతని సహచరులు ఆ నూనెను కాచి, గాలి సోకించి, అందులోని విటమిన్ ‘ఎ’ను నశింపజేసిరి. అయినను రికెట్సును మాన్పు శక్తి నూనెలో నిలిచియుండెను. ఆ శక్తి గల పదార్థమే విటమిన్ ‘డి’.

మధ్యాహ్నపు ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు తగిలినప్పుడు అచ్చటి ఒక పదార్థము విటమిన్ ‘డి’గా మారును. అది కాలేయములో ఒక మార్పును, మూత్రపిండములలో మరియొక మార్పును పొంది, పని చేయు రూపమును దాల్చును. ఎండలో ఎంతసేపు ఉన్నను ఈ మార్గమున విటమిన్ ‘డి’ మితిమీరదు. అధికముగ పుట్టినదానిని ఎండయే నిరుపయోగమైన పదార్థములుగ మార్చివేయును. మందుల సీసాకు ఇట్టి కట్టుబాటు లేదు. అందు కొలత ఉంచవలసినది మనుష్యుడే.

ఎండగల దేశమున లోపమేల?

భారతదేశమున ఏడాది పొడుగున ఎండ కాయుచున్నను ఈ లోపము విస్తారముగ కనబడుచున్నది. పట్టణములలో పలువురు ఉదయము నుండి సాయంకాలము వరకు పైకప్పు క్రిందనే గడుపుదురు. గాజు కిటికీ గుండ వచ్చు ఎండ వెలుతురు నిచ్చును గాని విటమిన్ ‘డి’ నీయదు. పొగ, దుమ్ము కిరణములను అడ్డగించును. నల్లని చర్మమునకు తెల్లని చర్మము కంటె ఎక్కువ సేపు ఎండ తగులవలెను. ఒడలంతయు కప్పు దుస్తులు మరియొక కారణము. సాధారణ శాకాహారమున విటమిన్ ‘డి’ మిక్కిలి స్వల్పము. క్రొవ్వుగల సముద్రపు చేపలు, గ్రుడ్డు పచ్చసొన వంటి కొలది పదార్థములలోనే అది దొరకును.

తిరుపతి ప్రాంతమున జరిగి 2007లో ప్రకటింపబడిన ఒక పరిశోధన పట్టణవాసులలోను పల్లెవాసులలోను ఈ లోపము నుండుటను చూపినది. వారి ఆహారములో కాల్షియము తక్కువగ నుండుట, ధాన్యములలోని ఫైటేటు అను పదార్థము ఎక్కువగ నుండుట కూడ అందు గుర్తింపబడినవి. ఫైటేటు కాల్షియమును దేహమునకు అందనీయదు. కావున విటమిన్ ‘డి’ మాత్రలను మ్రింగుచు, పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు మొదలగువానిని విడిచినచో ఎముకలకు పూర్తి మేలు చేకూరదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు.

దినమునకు ఎంత?

విటమిన్ ‘డి’ని అంతర్జాతీయ యూనిట్లలో కొలుతురు. 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాము. కొన్ని సీసాలపై యూనిట్లు, మరికొన్నిటిపై మైక్రోగ్రాములు అచ్చు వేసియుండును. ఈ లెక్క తెలిసినచో పొరపాటు జరుగదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దలకు దినమునకు 600 యూనిట్లు, అనగా 15 మైక్రోగ్రాములు చాలును. ఏడాది లోపు శిశువులకు 400 యూనిట్లు. తల్లిపాలు శ్రేష్ఠమైన ఆహారమే అయినను, అందు విటమిన్ ‘డి’ తక్కువ. కావుననే శిశువునకు మొదటి సంవత్సరము చుక్కల రూపమున 400 యూనిట్లు ఇవ్వవలెనని వైద్యులు చెప్పుదురు.

ఇది అవసరమునకు సంబంధించిన కొలత. దాటరాని హద్దు వేరు. వైద్యుని పర్యవేక్షణ లేనిదే పెద్దలు దినమునకు 4000 యూనిట్లను మించరాదని అమెరికాలోని వైద్యశాస్త్ర సంస్థ 2010లో నిర్ణయించినది. ఆరు నెలల లోపు శిశువునకు ఆ హద్దు 1000 యూనిట్లు. ఆరు నెలల నుండి ఏడాది వరకు 1500. ఒకటి నుండి మూడేండ్ల వరకు 2500 యూనిట్లు.

వారపు పొట్లము, దినపు పొరపాటు

లోపము ఏర్పడినవారికి భారతదేశమున తరచుగ వ్రాయు మందు 60,000 యూనిట్ల పొడి పొట్లము లేక గుళిక. దీనిని వారమునకు ఒకటి చొప్పున సాధారణముగ ఎనిమిది వారములు ఇత్తురు. ఇది చికిత్స, నిత్యాహారము కాదు. ఎనిమిది వారములలో రోగికి అందునది మొత్తము 4,80,000 యూనిట్లు. ఆపైన వైద్యుడు తక్కువ మోతాదునకు దించును.

పొరపాటు ఇచ్చటనే జరుగును. ఇతర మాత్రలన్నియు దినమునకు ఒకటి చొప్పున వాడు అలవాటు చేత వృద్ధులు ఈ పొట్లమును కూడ ప్రతి దినము పాలలో కలుపుకొందురు. ఒక్క దినపు పొట్లములోనే నూరు దినములకు చాలు విటమిన్ ‘డి’ కలదు. ఎనిమిది వారములు ఇట్లు వాడినచో 56 పొట్లములు, అనగా 33,60,000 యూనిట్లు దేహమున చేరును. రెండవ పొరపాటు ఎనిమిది వారములు ముగిసినను పాత చీటీ చూపి నెలల కొలది మందు కొనుచుండుట. మూడవది, ఒళ్లు నొప్పులకు 6,00,000 యూనిట్ల సూదిమందును ఒకదాని వెంట ఒకటిగ వేయించుకొనుట. నాలుగవది, పొట్లమునకు తోడు కాల్షియము మాత్రలోను, బలము మందులోను ఉన్న విటమిన్ ‘డి’ని లెక్కింపకుండుట.

శిశువుల చుక్కల మందులో మరియొక చిక్కు కలదు. కొన్ని సీసాలలో ఒక మిల్లీలీటరునకు 400 యూనిట్లు, కొన్నిటిలో 800 యూనిట్లు ఉండును. సీసా మారినప్పుడు కొలతయు మారవలెను. ఒక సీసా పిల్లాయిని మరియొక సీసాకు వాడరాదు.

మితిమీరినప్పుడు

విటమిన్ ‘డి’ అధికమైనచో ప్రేవుల నుండియు, ఎముకల నుండియు కాల్షియము రక్తములోనికి అధికముగ చేరును. మొదట ఆకలి మందగించును. వికారము, వాంతులు, మలబద్ధము, విపరీతమైన దాహము, మాటిమాటికి మూత్రమునకు పోవుట, నీరసము కలుగును. వృద్ధులలో మతిమరపు, తికమక కనబడును. ఇవన్నియు ముసలితనపు బాధలని ఇంటివారు భావించు ప్రమాదము కలదు. అశ్రద్ధ చేసినచో మూత్రపిండములలో రాళ్లు పెరుగును. కాల్షియము అచ్చటనే పేరుకొని వాని పని చెడును. గుండె నడకయు తప్పవచ్చును. మందు మానినను నిలువ కరగుటకు నెలలు పట్టును. ఈ గుర్తులు కనబడినప్పుడు మందును వెంటనే ఆపి, పొట్లములను, సీసాలను చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలెను. రక్తములోని కాల్షియమును పరీక్షించినచో సంగతి తెలియును.

పాత దృష్టాంతమొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత బ్రిటనులో రికెట్సును రూపుమాపు సదుద్దేశముతో పాలపొడిలోను, శిశువుల ధాన్యాహారములోను విటమిన్ ‘డి’ కలిపిరి. కాడ్‌లివర్ ఆయిల్ కూడ ఇచ్చిరి. ఒక్కొక్కటి మంచిదే. అన్నియు కలిసి కొందరు శిశువులకు దినమునకు 4000 యూనిట్ల వరకు అందెను. 1950 దశకపు తొలి యేండ్లలో రక్తములో కాల్షియము పెరిగి పలువురు శిశువులు జబ్బుపడిరి. 1957లో ప్రభుత్వము ఆ పదార్థములలోని మోతాదును తగ్గించినది. విటమిన్ ‘డి’ని విరుగగొట్టు జన్యువులో దోషము గలవారికి ఇట్టి హాని త్వరగ కలుగునని 2011లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒకే మోతాదు ఒకరికి సరిపడి మరియొకరికి సరిపడకుండుటకు ఇది ఒక కారణము.

దీర్ఘకాలము వాడిన ఫలమేమి?

లోపము గలవారికి విటమిన్ ‘డి’ నిజమైన మేలు చేయును. ఇందు సందేహము లేదు. లోపము లేనివారు యేండ్ల తరబడి వాడినచో గుండెజబ్బులు, క్యాన్సరు రాకుండునను నమ్మకము వేరు. అమెరికాలో 25,871 మందిపై జరిగిన పెద్ద పరిశోధనలో సగము మందికి దినమునకు 2000 యూనిట్ల చొప్పున సుమారు ఐదేండ్లు ఇచ్చిరి. గుండెపోటు, పక్షవాతము, క్యాన్సరు వచ్చినవారి సంఖ్య దాని వలన తగ్గలేదని 2019లో ప్రకటించిరి. ఎముకలు విరుగుట కూడ తగ్గలేదని 2022లో తేలినది.

ఎక్కువ ఇచ్చినచో ఎక్కువ మేలు కలుగుననుట కూడ సరికాదు. ఆస్ట్రేలియాలో 70 ఏండ్లు, ఆపై వయస్సు గల 2,256 మంది స్త్రీలలో సగము మందికి ఏడాదికి ఒకేసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూచిరి. మందు తీసికొనని వారి కంటె వీరే నూటికి 15 వంతులు ఎక్కువగ పడిపోయిరి. ఎముకలు విరుగుట 26 వంతులు ఎక్కువగ నుండెను. ఈ ఫలితములు 2010లో వెలువడినవి. కెనడాలో మూడేండ్లు దినమునకు 400, 4000, 10,000 యూనిట్ల చొప్పున ఇచ్చి పోల్చగా, పెద్ద మోతాదుల వారి ముంజేతి ఎముక సాంద్రత చిన్న మోతాదువారి కంటె తక్కువగ నుండెనని 2019లో తెలిసినది.

రక్తపరీక్ష విషయమునను వివేకము కావలెను. మిల్లీలీటరు రక్తమునకు 20 నానోగ్రాములున్నచో ఎముకల ఆరోగ్యమునకు దాదాపు అందరికిని చాలును. 12 కంటె తక్కువైనచో లోపము. 150 దాటినచో విషలక్షణముల భయము కలదు. కొన్ని పరీక్షాశాలలు 30 కంటె తక్కువ నున్నవారినందరిని లోపము గలవారిగ చూపును. ఆ అంకెను చూచి ఆరోగ్యవంతులు తమంతట తాము పెద్ద పొట్లములను కొనరాదు.

ఎవరు మరింత జాగ్రత్త పడవలెను?

మూత్రపిండముల జబ్బు గలవారు, మూత్రములో రాళ్లు ఏర్పడినవారు, సార్కాయిడోసిస్ లేక క్షయ వ్యాధి గలవారు వైద్యుని అడుగక విటమిన్ ‘డి’ వాడరాదు. రక్తపుపోటునకు థయజైడు తెగకు చేరిన మాత్రలను వాడువారిలో కాల్షియము త్వరగ పెరుగును. గుండెకు డిగాక్సిన్ వాడువారికి ఆ పెరుగుదల ప్రమాదకరము. మూర్ఛ మందులు కొన్ని విటమిన్ ‘డి’ని త్వరగ ఖర్చు చేయును, అట్టివారికి కొంత హెచ్చు మోతాదు కావలసి రావచ్చును. దానిని నిర్ణయించవలసినది వైద్యుడు.

ఇంట పాటింపదగిన నియమములు

1. ఉదయము 11 మొదలు మధ్యాహ్నము 2 గంటల నడుమ ముఖమునకు, చేతులకు కొంతసేపు ఎండ తగులనీయవలెను. వేసవిలో వడదెబ్బ తగులనంత కొలది సేపు చాలును.

2. విటమిన్ ‘ఎ’, ‘డి’ చేర్చిన పాలు, నూనెలు అంగడిలో దొరకును. వానిపై నీలిరంగు ‘+ఎఫ్’ గుర్తు ఉండును.

3. 60,000 యూనిట్ల పొట్లము తెచ్చిన దినముననే, తీసికొనవలసిన వారమును, ముగియు తేదీని పొట్లముపై వ్రాసి ఉంచవలెను. ఆదివారము వంటి ఒక్క దినమును నిర్ణయించుకొనుట మేలు.

4. భోజనము తరువాత తీసికొనవలెను. ఆహారములోని క్రొవ్వు మందును దేహమునకు పట్టించును.

5. ఒక వారము మరచినచో మరుసటి వారము రెండు తీసికొనరాదు.

6. ఒకరి చీటీతో మరియొకరు మందు కొనరాదు. చీటీలోని గడువు ముగిసిన పిదప వైద్యుని మరల చూడక కొనసాగించరాదు.

7. మందులను పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

లోపమున్నచోట ఈ విటమిన్ పిల్లల కాళ్లను తిన్నగ నిలుపును, వృద్ధుల నొప్పులను తగ్గించును. ఆ మేలు కొలతలో నున్నది. చీటీపై ‘వారమునకు ఒకటి’ అని యున్నదో ‘దినమునకు ఒకటి’ అని యున్నదో చదువు వచ్చినవారు ఇంటిలోని పెద్దలకు ఒకసారి చదివి వినిపించినచో, ఆసుపత్రికి పోవలసిన అవసరము పెక్కుమందికి తప్పును.