మా దొర

మా యింటి పిల్లి పేరు దొర. నల్లని ఒంటికి నాలుగు తెల్లని మేజోళ్ళు తొడిగినట్లుండుటచేత మా పెద్దమ్మాయి పెట్టిన పేరది. అయిదేండ్లు మాతో నుండి, మొన్న కార్తికములో రెండు దినముల జబ్బుతో పోయినాడు.

మన తెలుగువారు పిల్లిని గూర్చి మంచిమాట చెప్పిన పాపమున పోలేదు. పిల్లి శాపములకు ఉట్లు తెగవందురు. బయలుదేరునప్పుడు ఎదురు వచ్చినచో వెనుకకు మరలి కాసేపు కూర్చుందురు. హితోపదేశములోని దీర్ఘకర్ణుడు చాంద్రాయణవ్రతము నెపమున పక్షిపిల్లలను భక్షించినవాడు. క్రింది తరగతులలో ఆ కథను అభినయించి చెప్పి నవ్వించినవాడనే నేనును. అటువంటి నా యొడిలో, రాత్రివేళ పుస్తకములు దిద్దుచుండగా, దొర వచ్చి కూర్చుండెడివాడు. ఎఱ్ఱసిరా ఆరకముందే పాదము మోపి ఒకరిద్దరి మార్కులను అలికివేసిన సందర్భములును కలవు. వారికి నష్టము రానీయలేదు లెండి.

ఆ శనివారము ఉదయము దొర పెరటి యిసుకలో కూర్చుండి ముక్కుచున్నాడు. లేచుట, నాలుగడుగులు వేయుట, మరల కూర్చుండుట. మలబద్ధమని నిశ్చయించి పాలలో చెంచాడు నెయ్యి కలిపి పెట్టినాను. ముట్టలేదు. మరునాడు ఆదివారము గదా, సోమవారము చూపింతమనుకొన్నాను. ఆదివారము రాత్రికి వాంతులు పట్టుకొన్నవి. మంచము క్రిందికి దూరి, ఎవరు తాకినను మూలిగినాడు.

తెల్లవారగనే బుట్టలో పెట్టుకొని పశువైద్యుని యొద్దకు పోయినాను. ఆయన పొట్ట తడిమి, “మూత్రాశయము బండవలె నున్నది, మాష్టారూ. ఎప్పటినుండి పోయలేదు?” అని అడిగినారు. నాయొద్ద సమాధానము లేదు. మగపిల్లులకు ప్రసేకము చివర మిక్కిలి సన్నగా నుండును. సన్నని స్ఫటికములో, జిగట పదార్థమో అడ్డుపడినచో మూత్రము లోననే నిలిచిపోవును. మూత్రపిండములు పని మానును. రక్తములో పొటాషియము పెరిగి గుండె లయ తప్పును. చూచువారికి మలబద్ధమువలెనే కనబడును. ఒకటి రెండు దినములలో ప్రాణము మీదికి వచ్చును గాని, వెంటనే గొట్టము వేసి మూత్రము తీసినచో పెక్కు పిల్లులు బ్రతుకును. ఆయనయు గొట్టము వేసినారు, సెలైను ఎక్కించినారు. మధ్యాహ్నము రెండు గంటలకు దొర గుండె ఆగినది.

అంతకు ముందు శుక్రవారమే పదవ తరగతికి విసర్జన పాఠము చెప్పినాను. రంగు సుద్దలతో బొమ్మ వేసినాను. భాగములు చెప్పుచు ప్రసేకమును మరచిన పిల్లవానిని గంట కొట్టువరకు నిలబెట్టినాను.

ఇంట పిల్లి చనిపోయినచో ఈజిప్టువారు కనుబొమలు గొరిగించుకొందురని క్రీ.పూ. 5వ శతాబ్దమునాటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. ఎప్పుడో చదివి నవ్వుకొన్నమాట. ఇప్పుడు తలచుకొన్నచో, ఎవరును ఏమియు అడుగవలసిన పని లేకుండ, ముఖము చూచిన వెంటనే తెలియునట్టి ఏర్పాటది. మనకు అటువంటిది లేదు. మంగళవారము బడికి పోయినప్పుడు, నిన్న సెలవెందుకు పెట్టినారని ప్రధానోపాధ్యాయులు అడిగినారు. ఒంట్లో బాగుండలేదని చెప్పినాను.

దొరను పెరటిలో బాదంచెట్టు క్రింద పూడ్చినాము. మా అమ్మాయి రెండు దినములు నాతో మాటలాడలేదు. ఆ నేతిపాల గిన్నెను మా యావిడ ఎక్కడ దాచినదో నేను అడుగలేదు.

వచ్చే వారము విసర్జన పాఠముపై పరీక్ష పెట్టవలసి యున్నది. ప్రశ్నపత్రము ఇంకను వ్రాయలేదు.