కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఈత ఎప్పుడు?

పోటీల్లో ఈదే పిల్లలకు కంటి ఆపరేషన్ జరిగితే, ఇంటికొచ్చిన రోజే పుట్టే ప్రశ్న ఇది. దీనికి అందరికీ సరిపోయే అంకె లేదు. ముందు ఏ ఆపరేషనో తెలియాలి, ఆ తర్వాత ఏ నీళ్లో తెలియాలి.

కళ్లద్దాలు తీసేయడానికి చేసే లాసిక్ సంగతి చూద్దాం. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరు పైచిలుకు. లాసిక్‌లో అందులో పైన 0.1 మిల్లీమీటరు మందాన, అంటే దాదాపు నోటుబుక్కు కాగితమంత పొరను మూతలా లేపి, కింద లేజర్ చేసి మళ్లీ మూసేస్తారు. కుట్లుండవు. మర్నాటికే చూపు తేటపడుతుంది గనుక అంతా మానిపోయిందనిపిస్తుంది. మూత అంచులు గట్టిపడటానికి మాత్రం టైం పడుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు ఈత వద్దనేది అందుకే.

శుక్లాల ఆపరేషన్‌లో గాటు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. దానికీ ఇంచుమించు ఇదే గడువు. కంటి వెనక తెర, అంటే రెటీనా ఊడితే చేసే ఆపరేషన్‌లో తరచుగా కంట్లో గ్యాస్ నింపుతారు. కొన్ని రకాల గ్యాస్ కరగడానికి రెండు నెలల దాకా పడుతుంది. అది పూర్తిగా పోయేదాకా ఈతా వద్దు, విమానమూ వద్దు. కార్నియా మార్పిడి అయితే లెక్క నెలల్లో ఉంటుంది, కుట్లు ఏడాది దాటి కూడా ఉండొచ్చు.

‘పూల్‌లో క్లోరిన్ ఉంటుందిగా, క్రిములు చావవా?’ అని అడుగుతారు. పూల్ నీళ్లలో లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంచుతారు. ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు లెక్కేస్తే 1 నుంచి 3 గ్రాములు. చాలా క్రిములకు అది చాలు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి మాత్రం గట్టి పెంకు కట్టుకుని ఆ మోతాదును తట్టుకుంటుంది. దానివల్ల కార్నియాకు పుండు పడితే మందు నెలల తరబడి వేయాలి. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు వచ్చిన రోగుల్లో లెన్సులు వాడనివాళ్లే ఎక్కువ. కంటికి దెబ్బ తగలడం, మురికి నీళ్లు పడటం వాళ్ల విషయంలో కారణాలు.

అందుకని ఏన్కూరు లాంటి కాలువ పక్క ఊళ్ల పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పూల్ కోసం ఖమ్మం దాకా ఎందుకు, సాగర్ కాలువ పక్కనే ఉందిగా అనుకోవద్దు. కాలువలో క్లోరిన్ ఊసే ఉండదు, మట్టీ చెత్తా ఉంటాయి. డాక్టరు ‘ఈదొచ్చు’ అన్నారంటే అది శుభ్రమైన పూల్ గురించే అనుకోండి.

ఇక గాగుల్స్. కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 పాయింట్లు (మిల్లీమీటర్ల పాదరసం). పోటీలకు వాడే చిన్న గాగుల్స్ కంటి గుంతలో బిగుసుకుంటే అది నాలుగైదు పాయింట్లు పెరగొచ్చని కొలతల్లో తేలింది. మామూలు కంటికి ఇది లెక్కలోది కాదు, కొత్త గాటున్న కంటికి లెక్కే. మొదట ఎముక మీద ఆనే పెద్ద గాగుల్స్ వాడి, గోడను నెట్టుకుని ఈత మొదలుపెట్టాలి. డైవ్ ఆఖరున. గాగుల్స్ జారేది సరిగ్గా అప్పుడే.

‘నెల పోతే ఫామ్ పోదా?’ కొంత పోతుంది. శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం మూడు వారాల విశ్రాంతికి సుమారు 7 శాతం తగ్గుతుంది. డాక్టరు సరేనన్నాక నడక, ఆపైన సైకిల్‌తో అందులో కొంత నిలబెట్టుకోవచ్చు. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం మాత్రం వద్దు.

చాలామంది కోచ్‌లకు కూడా తట్టని సంగతి ఒకటుంది. కంటి ఒత్తిడి తగ్గించడానికి ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి ఎసిటజోలమైడ్ మాత్ర ఇస్తారు, షాపుల్లో డయమాక్స్ అంటే తెలుస్తుంది. ఒంట్లో నీళ్లు తీసేసే మందు గనుక ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధిత జాబితాలో ఉంది, పోటీ లేని రోజుల్లో కూడా. అదే పని చేసే డోర్జోలమైడ్ చుక్కలకు నిషేధం లేదు. స్టెరాయిడ్ చుక్కలకూ లేదు. కాబట్టి చీటీ రాసేటప్పుడే పోటీల్లో ఈదుతామని డాక్టరుకు చెప్పండి. మాత్ర తప్పదంటే మానకుండా వేసుకోండి, ఒత్తిడి పెరిగితే చూపే పోవచ్చు. చీటీ, డిశ్చార్జి కాగితాలు దాచి, కోచ్ ద్వారా మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’కు చికిత్స మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టించండి.