ఒక మనిషి, అనేక వ్యాపారాలు
రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదంటారు. జె.ఆర్.డి. టాటా 1938లో, 34వ ఏట, టాటా సన్స్ ఛైర్మన్ అయ్యే నాటికే ఉక్కు, విద్యుత్తు, విమానాలు ఆ గ్రూపులో ఉన్నాయి. 1991 దాకా ఆయన ఆ పదవిలో కొనసాగారు. ఎలా? టెల్కోను సుమంత్ మూల్గావ్‌కర్‌కు, టాటా కెమికల్స్‌ను దర్బారీ సేఠ్‌కు అప్పగించారు. వారి రోజువారీ పనిలో తలదూర్చలేదు. ఎయిర్ ఇండియా విషయంలో మాత్రం విమానంలో ఇచ్చే టీ రంగు వరకు స్వయంగా చూసేవారు. ఇష్టమైన పని అలసట అనిపించదేమో!

రెండు దుకాణాల యజమానికి మూల్గావ్‌కర్ దొరకడు, నిజమే. కాని చిన్నాపెద్దా ప్రతి నిర్ణయమూ తన దగ్గరికే వస్తుంటే అతనికి నిద్ర ఉండదు. ఇంత మొత్తం వరకు సరుకు నువ్వే కొనవచ్చునని హద్దు చెప్పి, ఒక దుకాణం గల్లాపెట్టె నమ్మకస్తుడికి అప్పగించవచ్చు. రోజూ పదిసార్లు ఫోను చేయకుండా, వారానికొకసారి లెక్క చూస్తే చాలు.