బైరాన్‌పల్లి బురుజు, మన తుపాకీ చట్టం

వసంత్ కుంజ్‌లో బ్యాంకు తలుపు దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీతో నిలబడే గార్డు అంకుల్‌ని మనం చూస్తూనే ఉంటాం. ఆ తుపాకీకి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. "బ్యాంకు డబ్బుకు తుపాకీ కాపలా ఉన్నప్పుడు, ఇంట్లో మనుషుల ప్రాణాలకు ఎందుకు ఉండకూడదు?" అన్న ప్రశ్న మా తెలుగు క్లాసులో వచ్చింది. దానికి జవాబు వెతుకుతూ పోతే మేము చివరికి తెలంగాణలోని ఒక పల్లెకు చేరాం.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. మన మీద ఎవరైనా దాడి చేస్తే మనల్ని మనం కాపాడుకోవడం మన హక్కు. తుపాకీ దగ్గర పెట్టుకోవడం మాత్రం మన దేశంలో హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి.

ఈ అనుమతి పద్ధతి బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. 1857 తిరుగుబాటు చూసి భయపడిన ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధం ఉంచుకోకూడదు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు! అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది ఎందుకో మనకు తెలుసు. తుపాకుల కోసమే. మన్యం ప్రజల చేతిలో విల్లంబులున్నాయి, తుపాకులన్నీ స్టేషన్లలో ఉన్నాయి. అందుకే కాంగ్రెసు 1931లో కరాచీలో ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చింది.

ఇక బైరాన్‌పల్లి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 1947 ఆగస్టు 15న ఇక్కడ ఢిల్లీలో జెండా ఎగిరినా, నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యానికి స్వాతంత్ర్యం రాలేదు. కాసిం రజ్వీ నడిపిన రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకునేవారు, ఇళ్లు తగలబెట్టేవారు. ఊరివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? పోలీసులకు చెబుదామంటే వాళ్లు రజాకార్ల వెంటే వచ్చేవారు. అప్పుడు బైరాన్‌పల్లి జనం తమ రక్షణ దళం తామే కట్టుకున్నారు. ఊరి మధ్యలో ఒక పాత బురుజు ఉంది. బురుజంటే గుండ్రంగా, ఎత్తుగా కట్టిన కావలి కట్టడం. దాని మీద యువకులు వంతులవారీగా కాపలా ఉండేవారు. శత్రువు కనబడితే నగారా మోగించేవారు. కొన్ని నాటు తుపాకులు, మిగిలినవాళ్ల చేతుల్లో వడిసెలలు. పొలంలో పిట్టలను తోలడానికి రాయి పెట్టి తిప్పి విసిరే తాడే వడిసెల. అలాంటివాటితోనే రజాకార్లను మొదట తిప్పికొట్టారు.

1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం బలగాలతో కలిసి ఫిరంగులతో వచ్చారు. వడిసెల ఎంత దూరం పోతుంది, ఫిరంగి ఎంత దూరం పోతుంది? ఒక్క రోజులో తొంభై మందికి పైగా చనిపోయారు. పట్టుబడినవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది సెప్టెంబరు 13న. అంటే పదిహేడు రోజుల తర్వాత. ఆ బురుజు ఇప్పటికీ ఉంది.

ఇది జరిగి వంద రోజులు కూడా కాకముందే, 1948 డిసెంబరు మొదట్లో ఢిల్లీలో రాజ్యాంగ సభ ఇదే విషయం చర్చించింది. బైరాన్‌పల్లి గురించి జరిగిన చర్చ కాదు గానీ, ప్రశ్న మాత్రం అదే. ఆయుధం ఉంచుకోవడాన్ని ప్రాథమిక హక్కుగా రాయాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. కరాచీ మాటను గుర్తుచేశారు. డాక్టర్ అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పరాయి పాలన పోయింది కాబట్టి ఆనాటి కారణం ఇప్పుడు లేదని, దీన్ని హక్కుగా రాస్తే నేరాలు చేసేవాళ్లు కూడా అదే హక్కు అడుగుతారని ఆయన వాదన. సవరణ వీగిపోయింది. నేటి రాజ్యాంగంలోని 19వ అధికరణం సమావేశమయ్యే హక్కు ఇస్తూ, "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" అనే షరతు పెట్టింది.

1878 చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, కారణం చెప్పాలి, పోలీసులు విచారించాలి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఢిల్లీ పెళ్లిళ్ల సంగతి తెలిసిన మనకు ఈ సెక్షన్ ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు!

ఆత్మరక్షణ సంగతి వేరే చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు చదవండి. చంపేస్తారనో, తీవ్రంగా గాయపరుస్తారనో నిజమైన భయం ఉంటే, మనల్ని కాపాడుకునే ప్రయత్నంలో ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదు. చేతికందింది రోకలైనా, కారప్పొడైనా దానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ హద్దులున్నాయి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు. దొంగ పారిపోతుంటే వెంటాడి కొట్టి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోదు.

అమెరికాలో దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ 1791 నుంచి ఆయుధం రాజ్యాంగ హక్కు. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం ప్రతి వ్యక్తి హక్కేనని వాళ్ల సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. మనలో చాలామందికి అక్కడ అన్నయ్యలో, పిన్నివాళ్లో ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతేలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరును జాతి ద్వేషంతో ఒకడు కాల్చి చంపాడు. వాణ్ని ఆపబోయి గాయపడిన అమెరికన్ చేతిలో ఆయుధమేమీ లేదు.

మా క్లాసులో ఏకాభిప్రాయం రాలేదు. బైరాన్‌పల్లి వాళ్ల దగ్గర మంచి తుపాకులు ఉంటే బతికేవారు కదా అని కొందరన్నారు. ఫిరంగి ముందు అవి కూడా చాలవని మిగిలినవాళ్లన్నారు. మాలో ఎక్కువమంది అంబేడ్కర్ వైపే నిలబడ్డాం. అయితే ఒక మాట గట్టిగా అనుకున్నాం. నీ తుపాకీ పక్కన పెట్టు, నిన్ను నేను కాపాడతాను అని ప్రభుత్వం ప్రజలకు మాటిచ్చింది. బైరాన్‌పల్లిలో అలా మాటిచ్చే ప్రభుత్వమే లేదు. ఇక్కడ 112కు ఫోన్ చేసినప్పుడు పోలీసులు త్వరగా రావడం ఆ మాటలో భాగమే. ఆలస్యమైతే ఎందుకైందని అడిగే హక్కు మనకుంది.

బదిలీ ఉద్యోగుల పిల్లలం కాబట్టి ఇంకో సంగతి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఊరు మారితే మన టీసీలాగే దాని కాగితాలు కూడా కదలాలి. కొత్త ఊళ్లో లైసెన్సు అధికారికి తెలియజేయాలి. ఢిల్లీ, హైదరాబాద్ లాంటి నగరాల్లో అది పోలీసు శాఖ పని, జిల్లాల్లో కలెక్టరు ఆఫీసు పని.