వేడిని తోడు యంత్రము: కరెంటు బిల్లు పెరుగుటకు కారణములు



చలిదేశములలో ఇండ్లను వెచ్చగా నుంచుటకు హీట్ పంపు అను నొక యంత్రమును వాడుచున్నారు. ఆ యంత్రమున్న ఇంటికి ఒక్కొక్కప్పుడు కరెంటు బిల్లు విపరీతముగా వచ్చును. అట్లు వచ్చినపుడు కారణమును వెదకు క్రమమును నేడు మీకు విన్నవించెదను. మన యూళ్లలో శీతకాలమునకు కంబళియు కుంపటియు చాలును గదా, ఈ చర్చ మనకేల యని మీరడుగవచ్చును. మన గ్రామములనుండి వెడలిన బిడ్డలనేకులు నేడు అమెరికా, కెనడా, జర్మనీ, స్వీడను మున్నగు దేశములలో కాపురముండుటయు, తల్లిదండ్రులు వారియొద్దకేగి మాసములకొలది నిలుచుటయు మీరెఱిగినదే. చలికాలపు బిల్లు చేతికి వచ్చిననాడు అట్టి ఇండ్లలో రెండు అనర్థములు పుట్టుచుండును. యంత్రము పనికిమాలినదని తలచి, విశేషధనము వెచ్చించి దానిని మార్చుట యొకటి. తమవలననే ఈ ఖర్చు పెరిగినదని పెద్దలు తమలోతాము కుంది, నోరు విప్పక చలిలో ముడుచుకొని కూర్చుండుట రెండవది. కారణము తెలిసినచో తఱచుగా ఈ రెండింటికిని అవసరముండదు.

ముందుగా యంత్రము చేయు పనిని గ్రహింతము. కుంపటి వేడిని పుట్టించును. కరెంటు హీటరును అట్టిదే. ఒక యూనిటు కరెంటును మ్రింగి అది ఒక యూనిటు వేడినే యిచ్చును. అంతకు మించి ఈయజాలదు. హీట్ పంపు వేడిని పుట్టింపదు. వెలుపలనున్న వేడిని తోడి లోపలికి తెచ్చును. మంచు కురియునప్పుడు వెలుపల వేడి యెక్కడిదని సందేహము కలుగును. వేడి బొత్తిగా లేని స్థితి సున్నకు దిగువ 273 డిగ్రీల సెంటిగ్రేడునకు గాని రాదు. కావున గడ్డకట్టు చలిగాలియందును తోడదగిన వేడి చాలగా మిగిలియే యుండును. యంత్రపు గొట్టములలో నొక ద్రవముండును. అది మిక్కిలి చల్లని తావునందును ఆవిరియగును. ఆవిరియగునపుడు వెలుపలి గాలినుండి వేడిని గ్రహించును. ఆ యావిరిని కంప్రెసరు గట్టిగా నొక్కగా అది మఱింత వేడెక్కి, ఇంటిలోనికి వచ్చి తన వేడిని విడిచి, మరల ద్రవమగును. మన ఇండ్లలోని రెఫ్రిజిరేటరు వెనుకనో ప్రక్కనో చేయి పెట్టి చూడుడు. లోపలి వేడిని తోడి వెలుపల పోయుచున్నది గనుక అది వెచ్చగానుండును. హీట్ పంపు చేయు పనియు నదియే. ఇచ్చట వేడి వెలుపలినుండి లోపలికి వచ్చును.

ఈ యూహ క్రొత్తది గాదు. తరువాత కెల్విను ప్రభువని పేరొందిన విలియం థామ్సను 1852లోనే దీనిని ప్రతిపాదించెను. 1938లో స్విట్జర్లాండునందలి జ్యూరిచ్ నగరసభాభవనమును లిమ్మత్ నది నీటినుండి వేడి తోడి వెచ్చబఱచిరి. నేడు నార్వే, స్వీడను, ఫిన్లాండు దేశములలో ఈ యంత్రములు విరివిగా వాడుకలోనున్నవి.

ఏతమెఱిగినవారికి దీని లెక్క సులభముగా బోధపడును. నూతిలో నీరు పైకి వచ్చియున్న కాలమున తక్కువ శ్రమతో ఎక్కువ నీరు తోడుదుము. నీరు అడుగంటినకొలది శ్రమ హెచ్చును. నీటిని ఎత్తైన కాలువలోనికి పోయవలసివచ్చినను అంతే. హీట్ పంపునకు వెలుపలి చలి నూతి లోతు వంటిది. ఇంటిలోని గొట్టములకు మనము కోరు వేడి కాలువ యెత్తు వంటిది. వెలుపల 7 డిగ్రీలున్ననాడు మంచి యంత్రము ఒక యూనిటు కరెంటుతో మూడు, నాలుగు యూనిట్ల వేడిని తేగలదు. సున్నకు దిగువ 15 డిగ్రీలకు పడిపోయిననాడు రెండు యూనిట్లు తెచ్చుటయే యెక్కువ కావచ్చును.

ఇక బిల్లును చేతబట్టుదము. అది ఎన్ని దినములకు వచ్చినది? మీటరును చూచి వ్రాసినదా, అంచనాగా వేసినదా? యూనిట్లు హెచ్చినవా, యూనిటు ధర హెచ్చినదా? ధరయే హెచ్చినచో యంత్రమును విప్పి ప్రయోజనము లేదు. యూనిట్లే హెచ్చినచో, క్రిందటి మాసముతో గాక క్రిందటి యేటి ఇదే మాసముతో పోల్చవలెను. రెండేండ్ల చలినిగూడ పోల్చవలెను.

దీనికొక లెక్క చెప్పెదను. ఇంటిలో 20 డిగ్రీలు కావలెననుకొందము. ఒక మాసమున వెలుపల సగటున 5 డిగ్రీలున్నచో అంతరము 15. మఱియొక మాసమున సున్నకు దిగువ 5 డిగ్రీలున్నచో అంతరము 25. మొదటి మాసమున ఇంటికి 1800 యూనిట్ల వేడి పట్టినచో రెండవ మాసమున 3000 యూనిట్లు పట్టును. మొదట ఒకటికి మూడు చొప్పున తోడిన యంత్రమునకు 600 యూనిట్ల కరెంటు సరిపోయినది. చలి ముదిరిన తరువాత ఒకటికి రెండున్నర చొప్పుననే తోడినచో 1200 యూనిట్లు కావలెను. యంత్రమున లోపమేమియు లేకయే బిల్లు రెట్టింపైనది. ఇట్టిచోట యంత్రమును నిందించుట తగదు.

చలితో పొసగని పెరుగుదల యున్నచో అప్పుడు లోపమును వెదకవలెను. అన్నిటికంటె ముందు చూడదగినది సహాయక హీటరు. పెక్కు యంత్రములకు తోడుగా సామాన్యమైన కరెంటు హీటరొకటి అమర్చియుందురు. మిక్కిలి చలిలో యంత్రము చాలనప్పుడు అది సాయపడును. ఇది నూతిలో తోడుట మాని నీటిని కడవలెక్కన కొనితెచ్చుట వంటిది. తొమ్మిది కిలోవాట్ల హీటరు దినమునకు ఎనిమిది గంటలు నడచినచో 72 యూనిట్లు. ముప్పది దినములకు 2160 యూనిట్లు. ఆ వేడినే హీట్ పంపు ఒకటికి మూడు చొప్పున తోడియున్నచో 720 యూనిట్లతో తీరియుండెడిది. ఇందులోని చిక్కేమనగా, పంపు చెడిపోయినను హీటరు ఇంటిని వెచ్చగానే ఉంచును. ఇల్లు వెచ్చగానున్నది గనుక ఎవరికిని అనుమానము రాదు. బిల్లు వచ్చిననాడే సంగతి బయటపడును. హీటరు ఎన్ని గంటలు నడచినదో చూపు లెక్క అనేక యంత్రముల మీటపలకలోనే యుండును. దానిని వారమునకొకసారి వ్రాసికొనవలెను.

పంపు బాగుగనున్నను హీటరు నడచుటకు వేఱు కారణములు కలవు. ఆపత్కాలమునకై యుంచిన మీటను ఎవరో నొక్కి మఱచుట యొకటి. ఏ చలికి హీటరు ప్రవేశింపవలెనో ఆ హద్దును ఎక్కువ డిగ్రీలకు అమర్చుట యొకటి. పరుండబోవునపుడు థర్మోస్టాటును 15కు దించి, తెల్లవారుజామున ఒక్కసారిగా 21కి ఎక్కించుట మఱియొకటి. అంత వేగముగా తోడుట పంపునకు సాధ్యముగాదు. వెంటనే హీటరు అందుకొనును. కుంపటి విషయమున ఆర్పి వెలిగించుట పొదుపే. ఈ యంత్రమునకు సమముగా నడచుటయే మేలు. దించినను ఒకటి రెండు డిగ్రీలకు మించి దింపరాదు.

రెండవది కాలువ యెత్తు. నేలక్రింద గొట్టములు పఱచిన ఇంటికి 30, 35 డిగ్రీల నీరు సాధారణముగా చాలును. పాత రేడియేటర్లకు 50 డిగ్రీలకు పైగా కావలసియుండును. ఈ నీటి వేడిని ఒక డిగ్రీ తగ్గించినచో కరెంటు సుమారు నూటికి రెండు వంతులు కలిసివచ్చును. పలు కుటుంబములుండు పెద్ద భవనములలో జరుగు పొరపాటొకటి కలదు. మూలగదివారు చలి యని మొఱపెట్టుకొందురు. పాలకుడు భవనమంతటికి నీటి వేడిని పెంచును. ఎండవైపు గదులవారు ఉక్క యని కిటికీలు తెఱచుకొందురు. చివరి మడికి నీరెక్కలేదని కాలువనంతటిని పొంగించుట వంటిదిది. మడిమడికి పాలు సరిచేసినట్లు గదిగదికి కవాటములను సరిచేయుటయే దీనికి మందు.

మూడవది గాలి దారి. లోపలి ఫిల్టరు దుమ్ముపట్టినను, వెలుపలి పెట్టెను ఆకులో మంచో కప్పినను యంత్రము తోడలేదు. వెలుపలి పెట్టెపై పలుచని మంచుపొర కట్టుటయు, యంత్రము అప్పుడప్పుడు కొన్ని నిమిషములు దానిని కరగించుకొనుటయు సహజము. ఆ సమయమున లేచు ఆవిరిని పొగయని భయపడవలదు. మంచు దిమ్మెకట్టి ఎన్నడును కరగకున్నచో అది లోపము. గొట్టములలోని ద్రవము వాడుకవలన తరుగునది కాదు. తఱిగినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. కారుట నాపక మరల నింపుట చిల్లుబానతో తోడుటయే. అది శిక్షణపొందిన పనివాడు మాత్రమే చేయదగిన పని; మనము చేయి పెట్టరాదు.

నాలుగవది స్నానపు నీరు. పెద్ద భవనములలో వేడినీరు అన్ని యంతస్తులకు రేయింబవళ్లు గొట్టములలో తిరుగుచుండును. ఆ గొట్టములకు పైచుట్టు లేనిచో దారిలోనే వేడి పోవును. అట్లని తొట్టిలోని నీటి వేడిని ఇష్టమువచ్చినట్లు తగ్గింపరాదు. గోరువెచ్చని నీటిలో లెజియొనెల్లా అను రోగక్రిమి పెరుగును. దానిని చంపుటకే తొట్టినీటిని 60 డిగ్రీలకు కాతురు.

ఐదవది భవనము. కిటికీల సందులు, అటక పైకప్పు, తలుపు క్రింది ఖాళీ, ఇవన్నియు గండిపడిన గట్లు. గట్టు వేయక ఎంత తోడినను మడి నిండదు. మఱియు ఆ మీటరుపైననే మెట్లదారి దీపములు, లిఫ్టు, చూరుగొట్టములలో మంచు కరగించు తీగలు, కారు నింపుకొను మీటయు నున్నవేమో చూడవలెను. చలి తగ్గిన పిమ్మటను ఆ తీగలను ఆపుట మఱచుట కద్దు.

పరీక్షించు విధమొకటి మనవిచేసెదను. ఒక పుస్తకమున ప్రతిదినము ఒకే వేళకు మీటరు అంకెను, వెలుపలి డిగ్రీలను, హీటరు నడచిన గంటలను వ్రాయుడు. ఒక వారములో ఒక మార్పే చేయుడు. రెండు మార్పులొకసారి చేసినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు. ఆ పుస్తకమును పనివాని చేతికిచ్చినచో అతని శ్రమయు, మీ ధనమును మిగులును. చదువు వచ్చిన పెద్దలు చలికాలమున ఇంటిపట్టుననుండి ఈ పనిని చక్కగా నెఱవేర్పవచ్చును. ఉద్యోగములకేగు బిడ్డలకంతటి తీరిక యుండదు.

తుదకు ముఖ్యమైన మాట. పొదుపు పేరిట పెద్దలును పసిబిడ్డలును చలికి ఓర్చుకొనుట ఎన్నడును తగదు. ఇంటిలోపల 18 డిగ్రీలకు తక్కువ కారాదనియు, వృద్ధులకు అంతకంటె ఎక్కువయే కావలసియుండవచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో తెలియజేసినది. చలివలన రక్తపుపోటు హెచ్చును. గుండెకును ఊపిరితిత్తులకును హాని కలుగును. కావున బిల్లును చూచి గదిలో వేడి తగ్గించుటకు ముందు, ధరను, చలిని, సహాయక హీటరును, నీటి వేడిని, గాలి దారిని, గట్లను ఈ వరుసనే విచారింపుడు. విదేశమున బిడ్డలున్నవారు ఈసారి వారితో మాటలాడునపుడు, సహాయక హీటరు ఎన్ని గంటలు నడచినదో చూచితివా యని ఒక్క ప్రశ్న అడుగుడు. సెలవు.