కండలు పెంచు మందులు – రక్తపరీక్ష తెలుపు సంగతులు

బలము కొరకు మందు సేవించుట మన ఇండ్లలో కొత్త కాదు. అశ్వగంధ చూర్ణమును పాలలో కలిపి తాగుట, బక్కపలచని పిల్లలకు మినపసున్ని పెట్టుట, ఎముక విరిగినవారికి నల్లేరు పచ్చడి పెట్టుట తరతరాలుగా ఉన్నవే. కానీ ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచు వరకు వెలసిన జిమ్ములకు పోవు యువకులు నా వద్దకు వచ్చి చెప్పు ‘బలం మందు’ ఈ కోవకు చెందినది కాదు. అది అనబాలిక్ స్టెరాయిడ్. కొందరు కండల ప్రదర్శన కొరకు, కొందరు పోలీసు ఉద్యోగపు దేహదారుఢ్య పరీక్ష కొరకు వాడుచున్నారు. ఇంట్లో మాత్రం ‘ప్రోటీన్ పొడి’ అని చెప్పుదురు.

ఉబ్బసమునకు, కీళ్లవాపునకు వైద్యులు ఇచ్చు స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. పురుషునిలో సహజముగా పుట్టు టెస్టోస్టిరాన్ అను హార్మోనును, దానిని పోలిన పదార్థములను ప్రయోగశాలలో చేసి బిళ్లలుగా, సూదిమందులుగా అమ్ముచున్నారు. టెస్టోస్టిరాన్‌ను 1935లో కృత్రిమముగా తయారు చేసినారు. 1958లో డయానబాల్ అను బిళ్ల అమెరికా విపణిలోనికి వచ్చినది. ఛాతీపై ఏనుగును నిలిపిన మన కోడి రామమూర్తి నాయుడు గారు 1942లోనే కన్నుమూసినారు. ఆయన కండలు ఈ బిళ్ల పుట్టక మునుపటివి. పుట్టుకతో హార్మోను లోపము ఉన్నవారికి, మరికొన్ని జబ్బులకు వైద్యుడు చీటీ వ్రాసి ఈ మందులు ఇచ్చుట సరియే. నేను చెప్పునది చీటీ లేని వాడకమును గురించి.

వీటితో చిక్కేమనగా, లోపల చెడుచుండగా పైకి మనిషి బాగుపడుచున్నట్లే కనిపించును. భుజములు పొంగును, ఉత్సాహము పెరుగును, ‘అబ్బాయి ఎంత పుష్టిగా ఉన్నాడో’ అని చుట్టాలు మెచ్చుకొందురు. నాడి పట్టి, నాలుక చూచి దీనిని పసిగట్టుట నావంటి వైద్యునికి కూడ కష్టమే. రక్తము పరీక్ష చేయించవలసినదే.

నిరుడు వానాకాలములో బూర్గంపహాడ్ వైపునుండి ఒక తల్లి ఇరవై రెండేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. కుర్రవాని కండ్లు పచ్చబడినవి. “వారం నుంచి పసరు తాపిస్తున్నాం సారూ, తగ్గట్లేదు” అన్నది. మన్యములో ఆ కాలమున కామెర్లు అనగానే మలేరియా, కలుషిత జలము గుర్తుకు వచ్చును. కానీ అతనికి జ్వరము లేదు. మూత్రము ముదురు రంగు, రాత్రంతా ఒళ్లు దురద, నిద్ర లేదు. తల్లిని బయట కూర్చోమని చెప్పి, “ఏం వాడుతున్నావు బాబూ?” అని అడిగినాను. కొంతసేపు తల వంచుకొని, “జిమ్ములో ఓ అన్న గులాబి రంగు బిళ్లలు ఇచ్చాడు సార్, రెండు నెలల నుంచి వేసుకుంటున్నా” అన్నాడు. పసరు తాగుచున్న ఆ వారము కూడ బిళ్ల మానలేదు! పరీక్షలో బిలిరుబిన్ 14, ఎస్.జి.పి.టి. మాత్రము 90 లోపే. కాలేయ కణములు అంతగా చెడకయే పిత్తము కాలేయములో నిలిచిపోవుట ఈ బిళ్లల వలన కలుగు కామెర్ల తీరు. బిళ్ల మాన్పించి ఖమ్మములోని వైద్యనిపుణుని వద్దకు పంపినాను. కండ్లు తెల్లబడుటకు రెండున్నర నెలలు పట్టినది. నేల ఉసిరి పసరును నేను నిందించను. కారణమైన విషము పూటపూటకు లోనికి పోవుచుండగా ఏ పసరు ఏమి చేయగలదు?

ఇక పరీక్షల సంగతి. మొదటిది అందరెరిగిన సి.బి.పి. అందులో హిమోగ్లోబిన్‌తో పాటు పి.సి.వి. అను అంకెను చూడవలెను. రక్తములో ఎర్రకణముల పాలు ఎంతయో అది తెలుపును. పురుషులలో సుమారు 40 నుండి 50 శాతము ఉండును. ఈ మందుల వలన ఎర్రకణములు అధికమై రక్తము చిక్కబడును. 54 శాతము దాటినచో గడ్డకట్టు ప్రమాదము ఉన్నదని ఎంచి, వైద్యులు చీటీపై ఇచ్చు టెస్టోస్టిరాన్‌ను కూడ ఆపివేయుదురు. ‘రక్తం బాగా పట్టింది’ అని సంతోషించు అంకె కాదది. మన మన్యములోని గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ లక్షణము కలవారు ఉన్నారు. వారి రక్తము మరింత చిక్కబడుట మంచిది కాదు. దీని నిర్మూలనకు కేంద్రము 2023 జులైలో జాతీయ కార్యక్రమము ప్రారంభించినది. ఆ పరీక్ష కూడ ఒకసారి చేయించుకొనవలెను.

కాలేయ పరీక్షను చదువుటలో పొరపాట్లు జరుగుచుండును. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. కాలేయమునుండియే కాక, బరువులెత్తి నలిగిన కండరములనుండి కూడ రక్తములోనికి వచ్చును. కనుక పరీక్షకు ముందు ఐదారు రోజులు కఠిన వ్యాయామము మానవలెను. జి.జి.టి., సి.పి.కె. కూడ చేయించినచో నేరము కాలేయానిదో కండరానిదో తేలును. క్రియాటినిన్ కూడ ఇట్టిదే. కండ హెచ్చుగా ఉన్నవారికి, క్రియాటిన్ పొడి తినువారికి మూత్రపిండములు బాగున్నను అది కొంచెము ఎక్కువ చూపును. అనుమానమున్నచో సిస్టాటిన్ సి అను పరీక్ష కలదు.

కొవ్వుల పరీక్షలో మేలు చేయు హెచ్.డి.ఎల్. ఈ బిళ్లల వలన కొద్ది వారములలోనే పడిపోవును. దీనికి నొప్పి లేదు, సూచన లేదు. రక్తపోటు చూపించుట, ఇ.సి.జి. తీయించుట, వైద్యుడు కోరినచో గుండె స్కానింగు తప్పనిసరి, ఏలయన గుండె గోడలు మందమగుట రక్తములో కనిపించదు. ఒకే సూదిని, ఒకే సీసాను పంచుకొన్నవారు హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడ చేయించుకొనవలెను.

హార్మోను పరీక్షలు టెస్టోస్టిరాన్, ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. బయటినుండి హార్మోను వచ్చుచున్నప్పుడు మెదడు తన ఆజ్ఞలను ఆపివేయును, వృషణములు పని మానును, వీర్యకణములు తగ్గును. టెస్టోస్టిరాన్ సూది వాడువానికి ఆ అంకె ఆకాశమునంటును. వేరు బిళ్ల వాడువానికి అట్టడుగున ఉండును. వైద్యునికి నిజము చెప్పనిచో ఆ రెండవ వానిని పుట్టు లోపము కలవాడని భ్రమించు అవకాశము కలదు. పెళ్లయి రెండు మూడేండ్లు గడచినా సంతానము లేదని కోడలికి మాత్రమే మందులు మింగించు ఇండ్లలో ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

హార్మోను రక్తమును ఉదయము 8 నుండి 10 గంటల లోపల పరగడుపున ఇవ్వవలెను. నీరు మానరాదు, దప్పికతో ఉన్న రక్తము చిక్కగా కనిపించును. జుట్టు కొరకు బయోటిన్ బిళ్లలు వాడువారు రెండు మూడు రోజుల ముందే ఆపవలెను, అవి హార్మోను అంకెలను తారుమారు చేయును. ఖర్చుకు వెనుకాడువారికి ఒక మాట. ఖమ్మం, కొత్తగూడెములలో 2021లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రములు ప్రారంభమైనవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తము తీసి అక్కడికి పంపుదురు. సాధారణ పరీక్షలు ఉచితము.

మన మూలికలను గురించియు దాచకుండా చెప్పవలెను. తిప్పతీగ వాడినవారిలో కాలేయపు వాపు చూచితిమని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించినారు. ఆయుష్ శాఖ దానిని అంగీకరించలేదు. అశ్వగంధ విషయములోను అరుదుగా అట్టి కేసులు వైద్య పత్రికలలో వచ్చినవి. కనుక స్టెరాయిడ్ వాడుచు, ‘కాలేయ రక్షణకు’ అని నాలుగు చూర్ణములు కలిపి మింగుట తగదు. వైద్యుని వద్ద బిళ్లతో పాటు చూర్ణము పేరు కూడ చెప్పవలెను. చిరునామా లేని బలవర్ధక చూర్ణములను ఇంటికే తేరాదు.

ఇరవై ఏండ్లు నిండని పిల్లలలో ఎముకల ఎదుగుదల ముందే ఆగి పొట్టిగా నిలిచిపోవు ప్రమాదమున్నది. స్త్రీలలో గొంతు బొంగురుపోయినచో తిరిగి రాకపోవచ్చును. ఎక్కువ కాలము వాడినవారు ఒక్కసారి మానినప్పుడు నీరసము, దిగులు, లైంగికాసక్తి తగ్గుట కలుగును. చచ్చిపోవలెనన్న తలంపు కూడ కొందరికి వచ్చును. ఆ రోజులలో ఇంటివారు తిట్టక కనిపెట్టి ఉండి, ఎండోక్రైన్ వైద్యుని పర్యవేక్షణలో మాన్పించుట మేలు. మానిన మూడు నెలలకు హార్మోను పరీక్షలు, సి.బి.పి., కొవ్వుల పరీక్ష తిరిగి చేయించవలెను. సంతానము కోరువారు వీర్యపరీక్ష కూడ చేయించుకొనవలెను. కొందరికి హార్మోను సమస్థితికి వచ్చుటకు ఏడాది పైన పట్టును. ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచుట, ఆయాసము కనిపించినచో మాత్రము రిపోర్టుల కొరకు ఆగక 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.