కారణాంకాలు దొరకకముందే తీర్పు

67 రెళ్లను వరసగా గుణించి ఒకటి తీసేస్తే 147573952589676412927 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఫ్రాన్సు సన్యాసి మెర్సెన్ రాశాడు. కాదని 1876లో ఎడ్వార్డ్ లూకా తేల్చాడు, కానీ ఏ సంఖ్య దీన్ని భాగిస్తుందో మాత్రం చెప్పలేకపోయాడు. అదెలా కుదురుతుంది? దొంగ దొరక్కపోయినా దొంగతనం జరిగిందని రుజువు చేయొచ్చు కదా! లూకా పద్ధతిని తర్వాత లేమర్ సులువు చేశాడు: 4తో మొదలుపెట్టి, వర్గం కట్టి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్నే మళ్లీ తీసుకోవాలి. ఇలా 65 సార్లు చేశాక సున్నా వస్తేనే అది ప్రధాన సంఖ్య. ఇక్కడ సున్నా రాదు.

కారణాంకాలు చూపని రుజువు అసంపూర్ణం కాదా అని అడగొచ్చు. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించాడు: 193707721, 761838257287. ఒక్క గుణకారంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు; ఆ తృప్తి వేరు, ఒప్పుకోవాల్సిందే. అయితే కోల్ జవాబిచ్చింది వేరే ప్రశ్నకు. కంప్యూటర్లు వచ్చాక ఈ తేడా చెరిగిపోయిందనీ అనలేం. కోల్ సంఖ్యను అవి క్షణంలో విడగొడతాయి, నిజమే. కానీ 1277 రెళ్లతో ఇలాగే కట్టిన 385 అంకెల సంఖ్య ప్రధానం కాదని తెలిసినా, 1నీ ఆ సంఖ్యనీ మినహాయిస్తే దాని కారణాంకం ఒక్కటీ దొరకలేదు. ఇంటర్నెట్‌లో వాడే ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాలు నిలబడింది ఈ ఎడం మీదే: పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికి గుణించడం తేలిక, ఆ లబ్ధాన్ని తిరిగి విడదీయడం మాత్రం దుర్లభం.